కోసి చూపించే శనివారం

కూరగాయల కొట్టున్న ఇంట్లో కూర్చుని కూరగాయల కోసం ఏడిస్తే ఎవరైనా నవ్వరా? అక్క నవ్వింది, బావ నవ్వాడు, వీధి వీధంతా నవ్వింది. నవ్వితే నవ్వారు గానీ సర్కస్ పిన్ని ఏడుపు మాత్రం నిజమే. దేశాలు తిరిగే సర్కస్ కంపెనీలో ఇరవై ఆరేళ్ళు ఆటగాళ్ళకి బట్టలు కుట్టింది. కంపెనీ మూతపడితే రెండు పెట్టెలు పట్టుకుని తన అక్క ఇంటికి చేరింది. వచ్చిన నాలుగో రోజున, బావ కొట్టులోంచి వచ్చిన కూరగాయల సంచీ ముందేసుకుని కళ్ళు తుడుచుకుంటూ కూర్చుంది.

"ఏమైందే? ఎవరన్నా ఏమన్నా అన్నారా?" అక్క కంగారుపడింది.

"ఎవరూ ఏమీ అనలేదక్కా. అదే నా బాధ. అక్కడైతే అందరూ ఏదో ఒకటి అనేవాళ్ళు!"

అక్కడంటే ఒక చోటు కాదు. సర్కస్ ఎక్కడ డేరా వేసినా సోమవారం సెలవు. ఉయ్యాలాట వాళ్ళు నిద్రపోయేవాళ్ళు, జోకరు పేకాడుకునేవాడు, పిన్ని మాత్రం సంచీ భుజాన వేసుకుని ఆ ఊళ్ళో సంత ఎక్కడుందా అని బయల్దేరేది. భాష రాదు. రాకపోతేనేం, నాలిక్కి భాషేమిటి? ఒక ఊళ్ళో చేపలమ్మే ఆవిడ, అడక్కుండానే మొప్పలెత్తి చూపించేది. ఇంకో ఊళ్ళో ఛీజు అమ్మే ముసలాయన కత్తి కొన మీద ముక్క పెట్టి నోటిదాకా తెచ్చేవాడు. ఒకచోట రుచి చూడకుండానే పళ్ళు సంచీలో వేసుకోబోతే, అమ్మే అవ్వ చేతి మీద ఠపీమని ఒక్కటిచ్చింది. పండు కోసి, ముక్క చేతిలో పెట్టి, పిన్ని నమిలేదాకా రెప్ప వెయ్యకుండా చూసి, మొహం వెలిగాకే తక్కెడ అందుకుంది.

మరి బావ కొట్టో? అద్దంలా ఉంటుంది, కాదనం. టమాటాలు నాలుగేసి చొప్పున ప్లాస్టిక్ కాగితంలో బిగుసుకుని కూర్చుంటాయి. గోడ మీద ఎర్రక్షరాల్లో, "ముట్టుకోరాదు. విప్పరాదు. వాసన చూడరాదు." ఆ మూడోది పిన్ని వచ్చాకే రాయించాడని గిట్టనివాళ్ళంటారు. జనం వస్తారు, తలొంచుకుని తీసుకుంటారు, పోతారు. ఆసుపత్రిలో మందుల కిటికీ దగ్గరైనా ఇంతకన్నా సందడుంటుంది.

ఊరికే ఉండటమెందుకని అక్క ఆమెని కొట్టులో సాయానికి పెట్టింది. మొదటిరోజే కొంప మునిగింది. బావ భోంచేసి మేడ దిగేసరికి మూడు కర్బూజాలు కోసి పళ్ళెంలో ముక్కలు పేర్చి, వచ్చినవాళ్ళ చేతుల్లో పెట్టేస్తోంది పిన్ని. ముందు రుచి, తర్వాతే ధర అన్నది ఆమెకి ఇరవై ఆరేళ్ళ అలవాటు. ఇక్కడ వేరేగా ఉంటుందని తట్టనే లేదు. జనం బెదిరిపోయి జేబులు తడుముకున్నారు. "డబ్బులొద్దండీ, తిని చూడండి" అంటే ఇంకా బెదిరిపోయారు.

"మరదలా! అది సరుకు! తినే వస్తువు కాదు!" బావ కేకేశాడు. అన్నాక తన మాట తనకే వినపడి మొహం గంటు పెట్టుకున్నాడు.

"ముప్పై ఏళ్ళుగా అమ్ముతున్నారే, ఒక్కటైనా తిన్నారా బావా?"

"అమ్మేవాడే తింటే కొనేవాడికేం మిగులుతుంది?"

ఆ సంతలు మళ్ళీ చూసే యోగం లేదని పిన్నికి తెలుసు. పాస్‌పోర్టు గడువు తీరింది, మోకాళ్ళ గడువూ తీరింది. అందుకే వారం రోజులు బావ చెవిలో జోరీగలా పట్టుకుంది. "నేను సంతకి పోలేను. సంతనే ఇక్కడికి తెస్తాను. ఒక్క శనివారం నాకివ్వండి. కోసి, చూపించి అమ్ముతా. సాయంత్రానికి ఒక్క కర్బూజా మిగిలినా జన్మలో ఈ కొట్టులో కత్తి ముట్టను, మేడ మీద బొత్తాలు కుట్టుకుంటా. మిగలకపోతే రోజూ ఇదే పద్ధతి."

"ఒప్పేసుకోండి. అది పట్టిందంటే వదలదు" అంది అక్క.

శనివారం పొద్దున్నే లారీ నలభై కర్బూజాలు దింపి పోయింది. పిన్ని మొదటిది కోసింది. చప్పన. రెండోదీ అంతే. మూడోదైతే వట్టి నీళ్ళు. ఆమె మొహం చూసి బావకి విషయం అర్థమైపోయింది. మనిషి మంచివాడే, జాలిపడ్డాడు.

"పోనీ కొయ్యకు. ఎప్పట్లా వరసగా పెట్టు, మధ్యాహ్నానికి అవే పోతాయి. పందెం నువ్వే గెలిచావంటాలే."

పిన్నికి ఆశ పుట్టలేదని చెప్తే అబద్ధం. కత్తి పక్కన పెట్టబోయి, మళ్ళీ పట్టుకుంది.

"చూపించకుండా అమ్మితే గెలిచేది మీరు బావా, నేను కాదు" అని నాలుగోది కూడా కోసింది.

ఆ రోజంతా అదే మాట. "ఇవాళ్టివి బాలేవమ్మా, మీరే తిని చూడండి. దోసకాయలు పట్టుకెళ్ళండి, కరకరలాడుతున్నాయి." జనం ముందు వింతగా చూశారు, తర్వాత ముక్క నోట్లో వేసుకున్నారు, మొహం చిట్లించారు, దోసకాయలు పట్టుకెళ్ళారు. సాయంత్రానికి ముప్పై పైన కర్బూజాలు మిగిలాయి. పిన్ని కత్తి కడిగి బావ చేతిలో పెట్టి మేడెక్కింది. ఈసారి ఏడవలేదు. ఓడింది, ఒప్పుకుంది, బొత్తాల డబ్బా తీసింది.

మంగళవారం ఆసుపత్రి నర్సు వచ్చి కర్బూజా చేతిలోకి తీసుకుంది. "ఇవెలా ఉన్నాయి?"

"భేషుగ్గా ఉంటాయండీ" అన్నాడు బావ.

"మిమ్మల్ని కాదు. ఆవిడ ఏదీ?"

బుధవారం బస్సు డ్రైవరు అదే అడిగాడు. గురువారం బడి పంతులమ్మ "ఆవిణ్ణి పిలవండి, అడిగి తీసుకుంటా" అని కుర్చీ లాక్కుని కూర్చుంది. బావకి తల కొట్టేసినట్టయింది. ముప్పై ఏళ్ళ తన మాటకి లేని విలువ, ఒక్కరోజు కొట్టులో నిలబడి సరుకు బాలేదన్న మనిషి మాటకొచ్చింది మరి! ఆ రాత్రి అన్నం సరిగ్గా తినలేదు, అక్కతో కూడా ముక్తసరిగా మాట్లాడాడు.

మళ్ళీ శనివారం. లారీ వచ్చి ఆగింది. కొట్టు ముందు అప్పటికే నర్సు, పంతులమ్మ, ఇంకో పదిమంది నిలబడి ఉన్నారు.

"మరదలా, ఒకసారి కిందికి రా!"

పిన్ని కొంగుకి సూది గుచ్చుకుని అలాగే దిగివచ్చింది. బావ లారీ వెనక నిలబడి ఉన్నాడు.

"దించే ముందు ఒకటి కొయ్యవయ్యా" అన్నాడు లారీ డ్రైవరుతో.

"ఇదెక్కడి చోద్యమండీ! ముప్పై ఏళ్ళలో ఎన్నడూ అడగలేదు?"

"ముప్పై ఏళ్ళూ బుద్ధి లేదు. కొయ్యి."

డ్రైవరు గొణుక్కుంటూనే కోశాడు. బావ ఒక ముక్క పిన్నికిచ్చాడు. ఇంకో ముక్క అటూ ఇటూ తిప్పి చూసి తన నోట్లో వేసుకున్నాడు. ఇద్దరూ నమిలారు. జనమంతా వాళ్ళ దవడల కేసే చూస్తున్నారు. పాతవి తీసేశాక వెనక కర్బూజాల బల్ల ఖాళీగా ఉంది, శనివారం బేరం, ఎండ ముదురుతోంది. వద్దంటే ఆ బల్ల ఇవాళంతా ఖాళీ అని, తనని మళ్ళీ కిందికి పిలిచే రోజు రాకపోవచ్చని పిన్నికి తెలుసు.

"బాలేదు బావా" అంది.

బావ తన నోట్లోది మింగాడు. ఖాళీ బల్ల కేసి ఒకసారి, మరదలి కేసి ఒకసారి చూశాడు.

"విన్నావుగా, మా మరదలు బాలేదంది" అన్నాడు డ్రైవరుతో. "లారీ తిప్పు."