సోమవారం ఆపరేషన్‌కు ముందు నాగర్‌కర్నూలు

శుక్రవారం ఉదయం ఆరూ పదికి గద్వాల బస్టాండులో వనపర్తి బస్సెక్కాను. సోమవారం నాకు గర్భసంచి తీసేసే ఆపరేషన్ ఉంది. రెండేళ్లుగా నెలసరి మొదలైతే పది రోజులకు గానీ ఆగడం లేదు. గద్వాల డాక్టరు స్కానింగు, ముక్క పరీక్ష చేయించి, చెడ్డరోగమేమీ లేదంటూనే ‘తీసేద్దాం’ అన్నారు. నలభై రెండేళ్లకే ఆ కోతకు మనసొప్పలేదు. కోత లేకుండా నయం చేసే డాక్టరమ్మ నాగర్‌కర్నూలుకు శుక్రవారాల్లో వస్తుందని మా వీధి సావిత్రమ్మ చెప్పింది. మగ్గం ఆపి తోడు కూడా వచ్చింది.

మా ముత్తవ్వ పల్లకీలో తప్ప గడప దాటలేదు. నాకు దక్కింది టైరు మీది సీటు. నిటారుగా కూర్చున్నాను.

“జర ఆనుకోండ్రి దొరసానీ, సీటేం కొరకదు,” అంది సావిత్రమ్మ.

బీచుపల్లి వంతెన కింద కృష్ణ ఎర్రగా, నిండుగా పారుతోంది. బస్సంతా కిటికీల వైపు లేచింది. ఎనిమిదికి వనపర్తిలో ఇడ్లీ తిన్నాం. అక్కడి బస్టాండు మరుగుదొడ్డి శుభ్రంగానే ఉంది. నాలాంటి వాళ్లకు ఈ సంగతి అవసరం. ఎనిమిదిన్నర బస్సు బిజినేపల్లిలో కాసేపు ఆగి, పదింటికి నాగర్‌కర్నూలు చేర్చింది.

“ఎక్కువగా పోయే రోజు ఎన్ని గుడ్డలు మారుస్తారు?” డాక్టరమ్మ అడిగింది.

“రెండు,” అన్నాను. బాధను తగ్గించి చెప్పడమే మా ఇంటి మర్యాద.

ఆమె కాగితాలు మూసేసింది. “రెండేనా? అయితే ఆపరేషనే కాదు, నా వైద్యమూ అక్కర్లేదమ్మా. ఇంటికి వెళ్లండి.”

నేను లేచాను. సావిత్రమ్మ లేవలేదు.

“ఏంది దొరసానీ రెండు! వనపర్తి బస్టాండ్ల రెండుసార్లు, బిజినేపల్లిల ఒకసారి పోయిండ్రు. ఇంకా పదకొండు గూడ గాలే! గిట్ల మర్యాద చేస్తే సోమవారం సంచి పోతది!”

చెవులు వేడెక్కాయి. మళ్లీ కూర్చున్నాను. “పన్నెండు. రాత్రివి వేరే,” అన్నాను.

డాక్టరమ్మ పరీక్షించి రెండు దారులు చెప్పింది. ఒకటి, వేడినీటి బుడగతో సంచి లోపలి పొరను మాడ్చడం. దానికి హైదరాబాదు పోవాలి. రెండోది, సంచిలోనే ఉండి కొద్దికొద్దిగా హార్మోను వదిలే చిన్న సాధనం; ఐదేళ్లు పనిచేస్తుంది. రెండోదే పెట్టించుకున్నాను. పావుగంట పట్టింది, నడుము కాసేపు లాగింది. మొదటి నెలల్లో మరకలు కనిపిస్తాయనీ, ఆరు వారాలకు చూపించుకోమనీ చెప్పింది. అక్కడి నుంచే గద్వాలకు ఫోన్ చేసి, సోమవారం రావడం లేదన్నాను.

ఒకటిన్నరకు తిరుగు బస్సు. వనపర్తిలో మారాక పక్కన కూర్చున్న రైతు ఇల్లాలు నా చేతిలోని చీటీ చూసింది. “దవాఖానకు పోయొస్తున్నరా? ఏమైందక్కా?”

ఇదివరకైతే తలనొప్పి అనేదాన్ని.

“నెలసరి బాగా పోతుండె. సంచి తీయకుండనే వైద్యం చేయించుకొని వస్తున్న.”

ముందు సీటు మగవాళ్లు ఒక్కసారిగా పొలాలను శ్రద్ధగా చూడసాగారు. ఆమె మాత్రం నాకు దగ్గరగా జరిగింది.

“నాకు గూడ వచ్చే వారం తీస్తమన్నరక్కా.”

ఎర్రవల్లి చౌరస్తాలో దిగేలోపు బస్సుల వేళలన్నీ రెండుసార్లు చెప్పించుకుంది. ఏ ప్రయాణంలోనూ నేనింత హాయిగా మాట్లాడలేదు.