గంజి పెట్టిన అంగీ

నిన్న కావలిలో ఇస్త్రీ బండి పక్కనుంచి నడుస్తుంటే గంజి గుడ్డ వేడెక్కిన వాసన తగిలింది. ఆ వాసనంటే నాకు ఏడేళ్ల వయసు నుంచీ కోపం.

జువ్వలదిన్నెలో మా మేనమామను పాస్టరుగా అభిషేకించిన రోజు ఆయన తెల్ల అంగీకి గంజి పెట్టి ఇస్త్రీ చేసింది మా అమ్మే. అమ్మ బైబిలు స్త్రీ. జాలర్ల పాలేలన్నీ ఇసుకలో కాలినడకన తిరిగి ఇంటింటా వాక్యం చెప్పేది. పాస్టరు పదవికి సంఘ పెద్దలు పెట్టిన పరీక్షలో మామ చదివి మెప్పించిన ప్రసంగం కూడా అమ్మ రాసిచ్చిందే.

మా ప్రెస్బిటేరియన్ సంఘంలో పాస్టరయ్యే మనిషి మోకరిస్తే, సంఘ పెద్దలు చుట్టూ చేరి నెత్తిన చేతులు పెట్టి ప్రార్థన చేస్తారు. మామ లేచాక అంగీ అంచు మడతపడిందని అమ్మ అక్కడే మోకాళ్ల మీద కూర్చుని సరిచేస్తోంది. తరువాతి వంతు అమ్మదేనని నేననుకున్నాను.

"అమ్మా, లేవొద్దు! నీకింకా చేతులు పెట్టలా!" అని అరిచాను.

గుడంతా గొల్లుమంది.

"ఆడోళ్ల నెత్తిన చేతులు పెట్టేది లేదు పాపా! మీ అమ్మ చేతిలో గరిటె పెడతాం, పలావు వడ్డిస్తాది," అన్నాడొక పెద్ద.

ఇప్పుడు ఆడవాళ్లకూ అభిషేకం ఇస్తున్నారట, సంతోషించమంటున్నారు. అమ్మ పోయాక ఎవరికోసం సంతోషించాలి?

ఆ పెద్దతో ఇన్నేళ్లలో మనసులో వెయ్యిసార్లు పోట్లాడి గెలిచాను. అమ్మతోనే గెలవలేకపోయాను. ఆ రోజు అందరికంటే ముందు నవ్వింది అమ్మే. నవ్వుతూనే లేచి, కొంగు దోపుకుని, గరిటె అందుకుంది.