టిప్పర్ పగిలేది ఎక్కడ?

బాపు ముప్పై ఏళ్లు భూపాలపల్లిలో బొగ్గు టిప్పర్ నడిపి రిటైరయ్యాడు. నేను జనగామలో ఇంట్లో కూర్చుని అవే టిప్పర్లను కంప్యూటర్‌లో విరగ్గొట్టే ఉద్యోగం చేస్తాను. బండి తయారు కాకముందే దాని బొమ్మను వేలకొద్దీ గళ్లుగా విడగొట్టి, బరువు వేసి, ఏ గడి దగ్గర ఇనుము చీలుతుందో చూడటం నా పని. ఆ గళ్ల అల్లికను మెష్ అంటాం. ఇంటికి ఎవరొచ్చినా బాపు మాత్రం, "మా బిడ్డ బండ్లు ఖరాబ్ చేస్తది, దానికే జీతమిస్తరు" అని చెప్పేవాడు.

ఆ మధ్య ఒక టిప్పర్ పని వచ్చింది. బండి అడుగున ఉండే పొడుగాటి ఇనుప చట్రం, అంటే చాసీ, మా టీమ్ లీడర్ వంతు. ఆయనది విజయవాడ. చట్రం పెద్దది కాబట్టి అరచేయంత గళ్లు వేశారు. దానికి వెల్డింగ్‌తో అతికి, బొగ్గు తొట్టిని మోసే బ్రాకెట్ నాది. అది చిన్నది, బరువంతా దాని మీదే పడుతుంది. అందుకని పెసరగింజంత గళ్లు వేశాను.

ఇక రెండూ కలపాలి. గళ్ల మూలలు ఎదురెదురుగా రావు కదా, అందుకని ఒకవైపు మూలలను రెండోవైపుకు కట్టేసి, అది కదిలినట్టే ఇవీ కదలాలని కంప్యూటర్‌కు చెబుతాం. చిన్న గళ్లను పెద్దవాటికి కట్టడం పద్ధతి. టీమ్ లీడర్ మెయిల్‌లో దాన్ని తిరగేసి, పెద్దవాటినే చిన్నవాటికి కట్టమని రాశారు. అంతకుముందు ఒకసారి నేను తప్పు చూపిస్తే, "ముందు చెప్పింది చేయమ్మా" అన్నారు. సరే, చెప్పింది అక్షరాలా చేశాను. అందులో కొంత కొంటెతనం ఉందని ఒప్పుకుంటున్నాను.

అనుకున్నట్టే అయింది. నా చిన్న మూలల్లో సగానికి పైగా ఏ కట్టూ లేకుండా మిగిలిపోయాయి. అతుకు పొడవునా తట్టు పోసినట్టు ఎర్రమచ్చలు. బాపు టీ గ్లాసుతో వచ్చి నా వెనక నిలబడ్డాడు.

"గీ ఎర్రది ఏంది బిడ్డా?"

"అక్కడ పగులుతదట బాపు."

"ఎవలన్నరు? గక్కడ ఎన్నడు పగులలే. పగిలేది గీ మూలకు." గోరుతో స్క్రీన్ మీద బ్రాకెట్ కింది మూలను పొడిచాడు. "లోడుతోని గుంతల దిగితే గీడనే చీలేది. నాలుగు బండ్లకు చూసిన."

కట్టు తిరగేసి మళ్లీ లెక్క నడిపించాను. మచ్చలన్నీ మాయమై, బాపు గోరు పెట్టిన మూలలో ఒక్కటే ఎర్రగా నిలిచింది.

రెండు బొమ్మలూ మెయిల్ చేస్తే సరిపోయేది. నేను చేయలేదు. మర్నాడు వీడియో మీటింగ్‌లో బాపును పక్కన కూర్చోబెట్టుకుని, "గని రోడ్ల మీద అనుభవమున్న నిపుణులు" అని పరిచయం చేశాను. చుట్టరికం చెప్పలేదు. బాపు ఇస్త్రీ చొక్కా వేసుకుని, మీసం దువ్వుకుని మరీ వచ్చాడు. టీమ్ లీడర్ వినయంగా ఇంగ్లీషులో మొదలుపెట్టారు.

"తెలుగుల అడుగుండ్రి సార్," అన్నాడు బాపు.

మొదటి బొమ్మ చూపించాను.

"గిది తప్పు సార్. గిన్ని తావుల పగిలితే బండి గేటు కూడ దాటకపోతుండే."

రెండోది చూపించాను.

"ఆ! గిది మా బండి."

టీమ్ లీడర్ ముందుకు వంగారు. "ఇదెలా చేశారమ్మా?"

"కట్టు తిరగేశాను సార్."

ఆయన తన పాత మెయిల్ తెరిచి చదువుకోవడం ఆయన కళ్లద్దాల్లో కనిపించింది. నాకు లోపల పండగలా ఉంది. సరిగ్గా అప్పుడే బాపు నా వైపు తిరిగి, "అయిపోయిందా బిడ్డా? జర గది బంద్ చెయ్యి, అన్నం తిందాం" అన్నాడు.

"బిడ్డా?" అన్నారు టీమ్ లీడర్.

మీటింగ్‌లో ఉన్నవాళ్లంతా పగలబడి నవ్వారు. నా చెవులు వేడెక్కాయి. అందరికంటే ఆలస్యంగా ఆయనా నవ్వి, "అన్నం పది నిమిషాలాగి తిందురు గాని, ఆ నాలుగు బండ్ల సంగతి చెప్పండి సార్" అన్నారు. పది నిమిషాలు గంటయింది. ఏ గుంతలో ఏ చక్రం ముందు దిగేదో బాపు చేతులతో చూపిస్తుంటే, ఆయన కాగితం మీద రాసుకుంటూ కూర్చున్నారు. తర్వాత బాపు అన్నాడు, "మీ సార్ మంచోడే. మాటనే జర సాగదీస్తడు."

ఆ మూలకు దళసరి రేకు వేయాలని నిర్ణయించారు. అందరూ బాపును మెచ్చుకుంటుంటే నాకే ముల్లు గుచ్చుకున్నట్టయింది. ఆ సాయంత్రం టీమ్ లీడర్‌కు ఫోన్ చేసి, మెయిల్ చదివిన రోజే తప్పని తెలుసని చెప్పేశాను.



"ఈసారి తెలిసినప్పుడే చెప్పమ్మా," అన్నారు. "నేను వినకపోతే మీ నాన్నగారికి ఫోనివ్వు."