ఇద్దరు సాక్షులు

అమ్మ పెన్షన్ కాగితాల పని మీద కాకినాడ నుంచి హైదరాబాద్ వెళ్లినప్పుడు, అమీర్‌పేటలో ఒక జిరాక్స్ షాపు ముందు వరుసలో నిలబడ్డాను. నా ముందున్న పెద్దావిడది చైనా వాళ్ల ముఖం. అందుకే మీది ఏ దేశమని ఇంగ్లిష్‌లో అడిగాను.

"పంజాగుట్టల ఉంట బిడ్డా. నలభై ఏండ్ల సంది బ్యూటీ పార్లర్ నడుపుతున్న," అందావిడ. "పుట్టింది అస్సాంల."

నాకు సిగ్గేసింది. ఆవిడ కాపీ తీయిస్తున్నది ఒక పాత ఫొటో. రేకుల ఇల్లు, వాకిట్లో కుట్టు మిషను. చైనాతో యుద్ధం వచ్చినప్పుడు ముఖాలు చూసి ఇంటిల్లిపాదినీ నిర్బంధ క్యాంపుకు పట్టుకెళ్లారట. అప్పటికి ఆవిడకు ఆరేళ్లు. తిరిగొచ్చేసరికి ఆ ఇంటిని శత్రువుల ఆస్తి కింద సర్కారు వేలం వేసేసింది.

"మా నాయన సుత ఆడనే పుట్టిండు. అయినా దుష్మన్ అన్నరు."

"ఇప్పుడైనా న్యాయం చేస్తారాండి?" అన్నాను.

"అర్జీ పెట్టిన. ఇల్లు గుంజుకుంటుంటే చూసిన సాక్షులను ఇద్దర్ని తెమ్మన్నరు. పక్కింటోళ్లు చూసిన్రు. గని, వేలంల గా ఇల్లు కొన్నది సుత వాళ్లే."

ఆ మాట కోపంగా అనలేదు. ఫొటోను చున్నీ అంచుతో తుడిచి కవర్లో పెట్టుకుంది. వెళ్లబోతూ ఆగి, "నీదే ఊరు బిడ్డా?" అని అడిగింది.

"కాకినాడండి," అన్నాను.

ఆ మాటకు నన్ను ఇంతవరకు ఎవరూ సాక్షుల్ని అడగలేదు.