రెక్కలొచ్చిన జుస్టీనా

పొంపీలియో మేస్త్రీకి రాయితో ఉన్న చనువు మనుషులతో లేదని ఇటలీలోని లెచ్చె ఊళ్ళో అందరూ అనుకునేవారు. తాతల నాటి నుంచీ వాళ్ళది శిల్పుల ఇల్లు. ఏ చర్చి గోడ మీద ద్రాక్షగుత్తి రాలినా, ఏ మేడ బాల్కనీ కింద సింహం మూతి అరిగినా కబురు ఆయనకే వచ్చేది. యాభై దాటినా పెళ్ళి మాట ఎత్తలేదు.

పొద్దున్నే వీధిలోని జుస్టీనా మిఠాయి కొట్టుకు వెళ్ళి, పొయ్యిలోంచి అప్పుడే తీసిన పస్తిచ్చోత్తో ఒకటి నిలబడే తినేవాడు. పైన గుల్లగా పెంకు, లోపల నోరు కాల్చే మీగడ ముద్ద. జుస్టీనా భర్త పోయి చాలా కాలమైంది. కొట్టు ఒంటిచేత్తోనే నడుపుకొస్తోంది. నోటికి మాత్రం విశ్రాంతి లేదు.

“ఏం మేస్త్రీ, చల్లారనివ్వకూడదూ? నాలుక కాలితే మాట్లాడే పని తప్పుతుందనా?” అనేది.

మేస్త్రీ చెవులు ఎర్రబడేవి. డబ్బులు బల్ల మీద పెట్టి బయటపడేవాడు.

ఒక ఏడు ఆ వీధి చర్చి మీద ఓ దేవదూత బొమ్మ ముఖం ఉప్పుగాలికి పొడిపొడిగా రాలిపోయింది. పాత ముఖం ఎలా ఉండేదో ఎవరికీ గుర్తులేదు.

“నవ్వుతూ ఉంటే చాలు మేస్త్రీ. ఏడుపు ముఖాలు కింద బెంచీల మీద బోలెడున్నాయి,” అన్నాడు ఫాదర్ కోసిమో.

మేస్త్రీ పరంజా చుట్టూ గోనెపట్టాలు కట్టించుకుని పనిలోకి దిగాడు. చెక్కడం అయ్యాక, పూర్వపు పద్ధతిలో రాయికి పాలు పట్టించాలి. గిన్నె పట్టుకుని జుస్టీనా దగ్గరికే వచ్చేవాడు.

“ఇన్ని పాలా! దేవదూతని చెక్కుతున్నావా, దూడని సాకుతున్నావా?”

“రాయి గట్టిపడాలి,” అని గొణిగి జారుకునేవాడు.

సాంత్ ఒరోన్సో తిరునాళ్ళకు ముందు పట్టాలు విప్పారు. వీధంతా తలెత్తి చూసింది. బూరెబుగ్గలు, ఎడమ బుగ్గన సొట్ట, ఏదో అనబోతున్నట్టు ఓరగా తెరిచిన పెదాలు.

“ఓయమ్మో! మన జుస్టీనాకి రెక్కలొచ్చాయే!” అని అరిచింది చేపలమ్మే రొసారియా.

నవ్వులు విని జుస్టీనా పిండి చేతులతోనే పరుగెత్తుకొచ్చింది. చాలాసేపు పైకే చూసింది. మేస్త్రీ పరంజా కర్ర పట్టుకుని, భూమి చీలితే బాగుండునన్నట్టు నిలబడ్డాడు.

“నా ముక్కు అంత లావా?”

“కిందనుంచి చూస్తే అలా ఉంటుంది.”

“ఇన్నేళ్ళూ నా కొట్లో తిని, నాతో చెప్పలేక రాయితో చెప్పుకున్నావా?”

“రాయి ఎదురు మాట్లాడదు కదా.”

“నేను మాట్లాడతాను. ముందే చెబుతున్నా, తర్వాత లబోదిబోమంటే నా పూచీ లేదు. ఏం, నువ్వు అడుగుతావా, నన్నే అడగమంటావా?”

మేస్త్రీ టోపీ తీశాడు. అందరి ముందూ అడిగాడు.

ముఖం మార్చమని ఒకరిద్దరు ముసలమ్మలు ఫాదర్ దగ్గరికి వెళ్ళారు. “పాత బొమ్మల ముఖాలు పైనుంచి దిగొచ్చాయనుకున్నారా అమ్మా? అప్పటి మేస్త్రీలు చూసింది కూడా మన వీధి ఆడవాళ్ళనే,” అని ఆయన వాళ్ళని సాగనంపాడు.

కొత్త ద్రాక్షసారా పీపాలు తెరిచే సాన్ మర్తీనో పండగనాడు అదే చర్చిలో పెళ్ళయింది. వీధిలోనే బల్లలు వేశారు. శనగల్లో పిండి పట్టీలు కొన్ని ఉడికించి, కొన్ని కరకరలాడేలా వేయించి కలిపిన కూర గంగాళాలకొద్దీ వండారు. రెండు గ్లాసులు పడ్డాక మేస్త్రీ లేచి పాట అందుకున్నాడు. శ్రుతీ లేదు, ఆపడమూ లేదు.

“ఈయన నోరు తెరిపించిన పాపం నాదే, క్షమించండర్రా!” అంటూ జుస్టీనా చెవులు మూసుకుని పగలబడి నవ్వింది.