బాల్కనీలోంచి చెయ్యి ఊపడం

ఉదయం ఏడుంబావుకి గ్యాస్ బండ వచ్చింది. ఇంటర్‌కమ్ మోగింది. నేను బాల్కనీలోకి వెళ్లేసరికి గేటు దగ్గర సెక్యూరిటీ ఆయన తలెత్తి చూస్తున్నాడు. చెయ్యి ఊపాను. బండి లోపలికి వదిలాడు.

అది నా భార్య పెట్టిన పద్ధతి. నల్లగండ్లలోని మా అపార్ట్‌మెంట్ సంఘం గేటుకి యాప్ తెచ్చినప్పుడు అందరూ ఫోన్లలో ఎక్కించుకున్నారు. ఎవరైనా వస్తే ఫొటో వస్తుంది, రానిమ్మనో వద్దనో నొక్కాలి. ఆమె ఒప్పుకోలేదు, నన్నూ ఎక్కించుకోనివ్వలేదు. మా ఫ్లాటు గేటుకి ఎదురుగా నాలుగో అంతస్తులో ఉంటుంది. ఎవరొచ్చినా ఆమె బాల్కనీలోకి వచ్చి, ఆ మనిషిని కాసేపు చూసి, చెయ్యి ఊపేది.

హైటెక్ సిటీలో సాఫ్ట్‌వేర్‌ను పరీక్షించడం నా ఉద్యోగం. ఆ యాప్‌లో తప్పేమీ లేదని చాలాసార్లు చెప్పాను.

“ఫొటో వస్తుంది కదా, అది చూసి నొక్కచ్చు.”

“నన్ను ఫొటో చూసే చేసుకున్నరా? మీ నాయినను, మేనత్తను ఎంటవెట్టుకొని మూడుసార్లు ఇంటికొచ్చి చూసి పోలే?”

పోయిన వానాకాలం ఆమె చనిపోయింది. పద్ధతి మిగిలింది. మనిషిని చూసి తెలుసుకోవడం నాకు రాదు. కిందున్నది ఎవరన్నది కూడా నాకు పట్టేది కాదు. ఆమె నిలబడే చోటు వైపు ఇంకా ఒకరు తలెత్తి చూస్తున్నారు, అందుకని వెళ్లేవాణ్ణి.

బండ దింపించుకుని కిందికి వెళ్తే సెక్యూరిటీ ఆయన కుర్చీలోంచి లేచాడు.

“సార్, ఒక మాట. యాప్‌ల రాకుంట మీ ఇంటికి మనుషుల్ని ఇడుస్తున్ననని సంఘమోళ్లు గరమైతుండ్రు. ఇంకోసారైతే పనికి రావద్దన్నరు.”

“ఇన్నాళ్లూ అనలేదే?”

“అమ్మ ఉన్నప్పుడు ఆమెనే కిందికొచ్చి అందరితోని కొట్లాడేది. మీరు కొట్లాడరు గద సార్.” నవ్వబోయి ఆపేశాడు. “జర ఫోన్ల ఎక్కించుకోండ్రి.”

“వచ్చినవాళ్లను ముందు ఆయన చూస్తాడు, తర్వాత నేను చూస్తాను, ఇంకేం కావాలి” అనేది నా భార్య. ఆమె నమ్మింది ఆయన్ని. ఆ నమ్మకం వల్లే ఆయన పని పోతే, నేను బాల్కనీలో నిలబడి దేన్ని కాపాడుతున్నట్టు? అక్కడే, ఆయన పక్కన నిలబడి ఎక్కించుకున్నాను. ఇంట్లో ఎంతమంది అని యాప్ అడిగింది. ఒకరు అని కొట్టాను.

యాప్ బాగానే పనిచేస్తుంది. ఆఫీసులో మీటింగులో ఉన్నా ఫొటో వస్తుంది. చూడకుండానే నొక్కుతాను. సెక్యూరిటీ ఆయన ఉద్యోగంలోనే ఉన్నాడు, నన్ను చూస్తే నమస్తే పెడతాడు.

గేటు దగ్గర ఇప్పుడు మా బాల్కనీ వైపు ఎవరూ తలెత్తి చూడరు.