పళ్లసెట్టు ఒరుసుకున్న చోట

ఇది ఎవరికీ చెప్పలేదు, డైరీలో కూడా రాయలేదు. మా జేజి బుగ్గ లోపలి పుండును ఇంట్లో అందరికంటే ముందు చూసింది నేనే. "పళ్లసెట్టు ఒరుసుకునిందిలే పాపా, మీ నాయనకు చెప్పాకు" అంది. నేను చెప్పలేదు. అది క్యాన్సరని తెలిసేసరికి ఆలస్యమైపోయింది.

జేజి పోయిన ఏడాదికి, కోడుమూరు నుంచి కర్నూలు వెళ్లే బస్సులో ఒక ముసలామె నా పక్కన కూర్చుంది. జేజి దగ్గర వచ్చే పొగాకు వాసనే. కిటికీ తెరవాలనిపించలేదు. కాసేపటికి ఆమె పళ్లసెట్టు తీసి కొంగులో చుట్టుకుంది.

"ఒరుసుకుని పుండైండాది పాపా. మూన్నెల్లాయె, మానదు. సెట్టు అరగదీపిచ్చుకుందామని పోతాండా."

బస్సులో ఎవరితోనూ మాట్లాడని నేను ఆమె చెయ్యి పట్టుకున్నాను.

"సెట్టు కాదవ్వా, పుండు చూపిచ్చుకో. పెద్దాసుపత్రికి నేనూ వస్తా. మా జేజి కూడా ఇట్లే అనింది..."

కిటికీ వైపు తిరిగి ఏడ్చాను.

బస్సు కర్నూల్లో ఆగింది. ఆమె కొంగు విప్పి, పళ్లసెట్టు నా చేతిలో పెట్టి, ఆ కొంగుతోనే నా కళ్లు తుడిచింది.

"పుండు నాకైతే ఏడ్సేది నువ్వా? పా, చూపిచ్చుకుందాం."